కొత్త క్యాట్‌కాన్ సరే... పాతది ఎందుకు పోయింది?

హోసూరు: అంచెట్టి దారిలో ఘాటెక్కేటప్పుడు జిప్సీకి దమ్ము చాలడం లేదు. సెకండ్ గేరులో ఎంత తొక్కినా మూలుగుతుందే గాని ముందుకు పోదు. దిగి వంగి వింటే, బండి అడుగున డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు గలగలమంటోంది. షెడ్డుకు తీసుకుపోతే మెకానిక్ రెండు నిమిషాల్లో తేల్చేస్తాడు: 'క్యాట్‌కాన్ పోయింది సార్.'

అసలు తలనొప్పి అక్కడి నుంచే మొదలవుతుంది. కంపెనీ సామాను వేయించాలా? బెంగళూరు జేసీ రోడ్డులో దొరికేది తెచ్చుకోవాలా? చెన్నై పుదుపేటలో పాత బండి నుంచి విప్పింది వెతకాలా? ఈ మూడూ ఆలోచించే లోపే నాలుగో సలహా వచ్చి పడుతుంది. 'అన్నా, ఇంత ఖర్చు ఎందుకప్పా? లోపలున్న తుట్టెను పొడిచేసి, డబ్బాను మళ్లీ వెల్డింగు కొట్టేద్దాం. బండికి ఇంగా పవర్ వస్తుంది.'

హోసూరు, డెంకణీకోట, తళి వైపు తోటలున్న మనవాళ్లలో చాలామందికి ఈ మాట కొత్త కాదు. బళ్లారి పక్కన సండూరు గుట్టల్లో తిరిగేవారికి, కోరాపుట్ ఘాట్లలో జీపు నడిపేవారికి కూడా ఇదే అనుభవం. గుట్టలెక్కే బండికి క్యాట్‌కాన్ అనవసరపు బరువు అన్న అభిప్రాయం గట్టిగా పాతుకుపోయింది. తీసేస్తే ఏమవుతుంది, కొనాలంటే ఏది కొనాలి అన్నవి రెండూ తెలుసుకోవాల్సినవే. అంతకంటే ముందు తేలాల్సిన ప్రశ్న మాత్రం ఇంకొకటి ఉంది.

తాను అరగని వస్తువు

క్యాట్‌కాన్ అంటే క్యాటలిటిక్ కన్వర్టర్. ఇంజనుకూ సైలెన్సరుకూ నడుమ ఉండే స్టీలు డబ్బా. కొన్ని బండ్లలో ఇంజను మానిఫోల్డుకే అతుక్కుని ఉంటుంది, కొన్నింట్లో అడుగున పైపులో వేలాడుతుంది. డబ్బా కోసి చూస్తే లోపల తేనెతుట్టెలాంటి పింగాణీ దిమ్మ. చదరపు అంగుళానికి సుమారు 400 సన్నటి కన్నాలు. ఆ కన్నాల గోడలకు పూత పూసి, అందులో ప్లాటినం, పలాడియం, రోడియం అనే మూడు లోహాలను చల్లుతారు. ఒక కారు డబ్బాలో ఇవన్నీ కలిపినా కొన్ని గ్రాములే. ఆ కొన్ని గ్రాములకే అంత ధర. 2021 వసంతంలో రోడియం ఔన్సు, అంటే 31 గ్రాములు, దాదాపు 29 వేల డాలర్లు పలికింది. ఆ రోజుల్లో గుజరాత్, మహారాష్ట్రల్లో రాత్రిపూట మారుతి ఈకో వ్యాన్ల సైలెన్సర్లు మాయమయ్యాయని వరసగా వార్తలు వచ్చింది ఇందుకే. దొంగకు కావాల్సింది పైపు కాదు, లోపలి పొడి.

పెట్రోలు ఇంజను నుంచి మూడు విషాలు వస్తాయి. కార్బన్ మోనాక్సైడ్, సగం కాలిన పెట్రోలు ఆవిరి, నత్రజని ఆక్సైడ్లు. ఈ పూత వేడెక్కాక, అంటే సుమారు 250 నుంచి 300 డిగ్రీలు దాటాక, మూడింటినీ కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి, మామూలు నత్రజనిగా మార్చేస్తుంది. ఇందులో ఒక షరతుంది. గాలి, పెట్రోలు పాళ్లు సరిగ్గా ఉండాలి. బరువులో ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి. ఆ పాళ్లు తప్పకుండా చూడటానికే ముందు వైపు ఆక్సిజన్ సెన్సారు ఉంటుంది. కొత్త బండ్లలో వెనక వైపు ఇంకొకటి ఉండి, డబ్బా పని చేస్తోందా లేదా అని కాపలా కాస్తుంది.

కెమిస్ట్రీ మాస్టారు స్కూల్లో చెప్పిన సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఉత్ప్రేరకం చర్యను నడిపిస్తుంది, తాను ఖర్చు కాదు. ఇంజను ఆరోగ్యంగా ఉంటే క్యాట్‌కాన్ లక్ష కిలోమీటర్లు దాటి కూడా పనిచేస్తుంది. బ్రేకు ప్యాడ్లలాగా అరిగిపోయే సామాను కాదది. కాబట్టి అది పోయిందంటే ఏదో ఒకటి దాన్ని చంపిందనే అర్థం. ఆ హంతకుడు ఇంజనులోనే కూర్చుని ఉంటే, ఈ రోజు వేసిన కొత్త డబ్బాను కొన్ని నెలల్లోనే తినేస్తాడు. షాపువాడు ఈ ముక్క చెప్పడు. చెప్పాల్సిన అవసరం అతనికి లేదు మరి.

శవపరీక్ష చేయించండి

పాత డబ్బాను విప్పించాక పారేయకండి, టార్చి వేసి లోపలికి చూడండి. తుట్టె కరిగి ముద్దగా ఉందంటే ఇంజను మిస్‌ఫైర్ అవుతోంది. ఒక సిలిండరులో నిప్పు పడక, పచ్చి పెట్రోలు నేరుగా డబ్బాలోకి వచ్చి అక్కడ మండింది. ప్లగ్గు, ప్లగ్గు వైరు, కాయిలు, ఇంజెక్టరు, వీటిలో ఎక్కడో దోషం. వందల్లో పోయే ప్లగ్గును నిర్లక్ష్యం చేస్తే వేలల్లో పోయే డబ్బా బలి అవుతుందన్నమాట. తుట్టె మీద బూడిదలాంటి పూత పేరుకుని ఉంటే ఇంజను ఆయిలు తాగుతోంది. ఆయిల్లో అరుగుదల ఆపడానికి కలిపే జింకు, ఫాస్ఫరస్ వచ్చి పూత మీద కూర్చుంటాయి. పిస్టన్ రింగులు, వాల్వు సీళ్లు చూపించాలి. నీళ్లు తరచూ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ నుంచి కూలెంట్ లీకవుతోందేమో చూడాలి. అందులోని రసాయనాలు కూడా పూతకు విషమే.

తుట్టె రంగు బాగానే ఉండి ముక్కలుగా పగిలి ఉంటే మాత్రం తప్పు ఇంజనుది కాదు, దారిది. కింద బండరాయి తగిలి ఉండాలి, లేదా కణకణలాడే డబ్బా ఉన్నట్టుండి చల్లటి నీళ్లలో మునిగి ఉండాలి. డబ్బా మీద సొట్ట ఉందేమో చూస్తే తెలిసిపోతుంది.

విప్పకముందే చేయగల పరీక్షలూ ఉన్నాయి. బండి చల్లారాక రబ్బరు సుత్తితో డబ్బాను మెల్లగా తట్టాలి. గలగలమంటే తుట్టె విరిగింది. దమ్ము లేకపోవడమే సమస్య అయితే ముందు సెన్సారు విప్పి, ఆ కన్నంలో ప్రెషర్ గేజి పెట్టించాలి. బండి ఐడిల్లో ఉన్నప్పుడు ఒకటిన్నర పీఎస్ఐ లోపు, 2500 ఆర్పీఎం దగ్గర మూడు లోపు ఉంటే దారి తెరుచుకునే ఉన్నట్టు లెక్క. అంతకు మించితే మూసుకుపోయింది. ఇది మెకానిక్‌లు వాడే మోటు కొలత. అయినా వంద ఊహల కంటే మేలు.

కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే చాలు, క్యాట్‌కాన్ పోయిందని కొందరు తీర్మానిస్తారు. అది నిజం కాదు. ఆ వాసన పెట్రోల్లోని గంధకానిది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్-6 పెట్రోలు వచ్చాక గంధకం పది లక్షల పాళ్లకు 10 పాళ్లకు తగ్గింది, అంతకుముందు బీఎస్-4లో 50 ఉండేది. ఇప్పుడు కూడా వాసన గుప్పుమంటోందంటే ఇంజను పెట్రోలు ఎక్కువగా తాగుతోందేమో ముందు అనుమానించాలి.

కంప్యూటరు పెట్టి చూస్తే వచ్చే పీ0420 అనే కోడు సంగతీ ఇంతే. డబ్బా సామర్థ్యం తగ్గినట్టుంది అని మాత్రమే ఆ కోడు చెబుతుంది. మార్చెయ్యమని చెప్పదు. సెన్సారు ముసలిదైనా, సెన్సారు ముందు పైపుకు చిల్లు పడి గాలి పీల్చినా అదే కోడు వస్తుంది. ఆ కోడుతో పాటు పీ0300 వరస కోడు కూడా ఉంటే అది మిస్‌ఫైర్ కోడు. ముందు దాని పని పట్టాలి.

'ఆఫ్‌రోడ్' అని రాసి ఉంటే మోసపోకండి

ఈ మధ్య ఇంటర్నెట్లో తెప్పించుకునేవారు పెరిగారు. 'ఆఫ్‌రోడ్ యూజ్ ఓన్లీ' అని రాసిన డబ్బా కనబడగానే, ఇది గుట్టలెక్కే బండి కోసమే గట్టిగా చేసింది కాబోలు అనుకుంటారు. ఆ మాటకు అర్థం సరిగ్గా తలకిందులు. అమెరికాలో చట్టం ప్రకారం రోడ్డు మీద తిరిగే బండికి ఇది పనికిరాదు, పోటీల మైదానంలోనో సొంత పొలంలోనో వాడుకోండి అని అమ్మేవాడు ముందే చేతులు దులుపుకోవడానికి రాసుకునే మాట అది. గట్టితనానికి దానికీ ఏ సంబంధం లేదు. పైగా అటువంటి డబ్బాలో లోహాలు ఎంత వేశారన్న పూచీ ఎవరిదీ కాదు.

అక్కడి రోడ్డు బండ్లకు అమ్మే బయటి డబ్బాలకు లెక్క వేరు. డబ్బా ఒంటికి అయిదేళ్లు లేదా 50 వేల మైళ్లు, లోపలి పనితనానికి 25 వేల మైళ్లు పూచీ ఇవ్వాలని వాళ్ల పర్యావరణ సంస్థ నియమం. కాలిఫోర్నియాలో ఇంకా గట్టి. ఏ మోడలుకు ఏ డబ్బా అన్నది విడివిడిగా అనుమతి పొంది, ఆ నంబరును డబ్బా మీద చెక్కాలి. అక్కడున్న మనవాళ్ల పిల్లలు పంపిస్తామన్నా, ఆ నంబరు అక్కడి మోడళ్లకే గాని మన జిప్సీకి కాదని గుర్తుంచుకోవాలి. జిప్సీ అనే బండే అక్కడ లేదు.

మన దగ్గర ఆఫ్‌రోడ్ బండి అని చట్టంలో మినహాయింపేమీ లేదు. వారంలో ఆరు రోజులు తోటలో తిరిగి, ఏడో రోజు హోసూరు సంతకు వచ్చినా అది రోడ్డు బండే.

ఒకే మోడలు... రెండు రకాలు

ఇది సరిహద్దులో ఉన్నవారు ప్రత్యేకంగా చూసుకోవాల్సిన సంగతి. జిప్సీ 1985 డిసెంబరులో వచ్చింది. 1996లో 1.3 లీటర్ల కింగ్ వచ్చింది, 2000లో ఎంపీఎఫ్ఐ ఇంజను, 80 గుర్రాల శక్తి. మామూలు జనానికి అమ్మకం 2019 నాటికి ఆగిపోయింది. ఇన్నేళ్లలో పొగ నియమాలు చాలాసార్లు మారాయి. 1995 ఏప్రిల్ 1 నుంచి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నైలలో అమ్మే కొత్త పెట్రోలు కార్లకే క్యాట్‌కాన్ తప్పనిసరి చేశారు. సీసం లేని పెట్రోలు కూడా మొదట అక్కడే. దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చింది 2000 ఫిబ్రవరిలో. ఆ అయిదేళ్లలో చెన్నైలో కొన్న కారును ఊళ్లోకి తెచ్చి సీసం పెట్రోలు పోయించారంటే డబ్బా పని అయిపోయినట్టే.

మళ్లీ అదే తిరకాసు 2010లో. ఆ ఏప్రిల్ నుంచి బెంగళూరు, చెన్నైతో కలిపి 13 నగరాల్లో కొత్త కార్లకు బీఎస్-4, మిగతా దేశానికి ఆ ఏడాదిలోనే బీఎస్-3. తర్వాత అంచెలంచెలుగా ఊళ్లను చేర్చుకుంటూ పోయి, 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-4 చేశారు. బెంగళూరుకూ హోసూరుకూ నడుమ 40 కిలోమీటర్లే. అయినా ఆ ఏళ్లలో అక్కడ రిజిస్టరైన బండి స్టేజీ వేరు, ఇక్కడ రిజిస్టరైన బండి స్టేజీ వేరు అయి ఉండవచ్చు. బండి పేరు ఒకటే, ఏడాది ఒకటే, డబ్బా మాత్రం ఒకటే అని నమ్మకం లేదు. మన ఊళ్లలో కేఏ నంబరు బండిని కొని టీఎన్‌కు మార్పించుకున్నవారు, చిత్తూరు వైపు నుంచి ఏపీ బండిని తెచ్చుకున్నవారు ఎందరో. కాబట్టి షాపుకు పోయి '2012 జిప్సీకి క్యాట్‌కాన్ ఇవ్వప్పా' అంటే చాలదు. ఆర్సీలో తయారీ నెల, పొగ ప్రమాణం చూసుకుని, ఛాసిస్ నంబరు చెప్పి, కంపెనీ పార్టు నంబరు రాయించుకోవాలి. మిలిటరీ వేలంలో కొన్న బండి అయితే మరీ జాగ్రత్త. కాగితాల్లో ఉన్నదీ అడుగున ఉన్నదీ ఒకటేనా అని ముందు కళ్లతో చూడాలి.

మూడు దారులు, ఒక్కోదానికి ఒక్కో లెక్క

డబ్బులుంటే కంపెనీ డబ్బాకు సాటి లేదు. పైపు, ఫ్లాంజీ, సెన్సారు కన్నం, అన్నీ అచ్చంగా కూర్చుంటాయి. ఇంజను కంప్యూటరుకు కూడా దానితోనే లెక్క కుదురుతుంది. చిక్కేమిటంటే, తయారీ ఆగిన బండికి అన్ని పార్టులూ షెల్ఫులో ఉండవు. ఆర్డరిచ్చి నెలలు ఆగాల్సి రావచ్చు.

రెండోది బయటి తయారీ. ఇందులో బండి మోడలు చూసి చేసినవి ఉంటాయి, ఏ బండికైనా కోసి అతికించుకునే 'యూనివర్సల్' డబ్బాలూ ఉంటాయి. ధరలో తేడా ఎక్కువ. ఎందుకు అంత తేడా అంటే లోపలి లోహాల పాలు. కంటికి రెండూ ఒకే తుట్టె. లోహం తక్కువ వేసిన డబ్బా కూడా కొత్తలో పొగ పరీక్ష పాసవుతుంది. కొంతకాలానికి ఆ కాస్త పూత కూడా అలసిపోయి, మళ్లీ లైటు వెలుగుతుంది. అందుకని మోడలు చూసి చేసిన డబ్బానే అడగాలి. జీఎస్టీ బిల్లు, రాతపూర్వకమైన వారంటీ, తయారీదారు పేరు, డబ్బా మీద చెక్కిన నంబరు, గాలి పోయే దిక్కు చూపే బాణం, ఇవి లేనిదాన్ని తీసుకోకపోవడమే మంచిది. స్టిక్కరు మీద నంబరు నంబరు కాదు, చెక్కిందే నంబరు. బిల్లు అడిగితే 'బిల్లు కావాలంటే రేటు వేరే సార్' అనే చోట వారంటీ మాట మర్చిపోవాలి.

యూనివర్సలే గతి అయితే ఇంజను సైజు చెప్పి దానికి సరిపడేది కొనాలి. 1.3 లీటర్ల ఇంజనుకు చిన్న కారు డబ్బా వేస్తే ఊపిరాడదు. మరీ పెద్దది వేస్తే త్వరగా వేడెక్కక, పని మొదలుపెట్టేసరికే సగం దూరం అయిపోతుంది. పాతది ఉన్న చోటే కొత్తదీ ఉండాలి. ఇంజనుకు దూరంగా, వెనక్కి జరిపితే అదే ఇబ్బంది. సెన్సారు కన్నాలు పాతదానిలో ఎన్ని ఉన్నాయో, ఎక్కడ ఉన్నాయో కొత్తదానిలోనూ అంతే ఉండాలి.

మూడోది పుదుపేట, శివాజీనగర్ గుజిరీ దారి. అక్కడ పాత సామాను కొనడంలో మనవాళ్లు ఆరితేరినవారే. గేరుబాక్సు అయితే తిప్పి చూడవచ్చు, డిఫరెన్షియల్ అయితే పళ్లు చూడవచ్చు. క్యాట్‌కాన్‌లో చూడటానికి ఏముంది? తుట్టె బాగా కనబడినా పూత చచ్చి ఉండవచ్చు. ఏ బండి నుంచి విప్పారో, ఆ బండి ఆయిలు తాగేదో ఎవరికి తెలుసు? పైగా దొంగ సొత్తు అయ్యే ప్రమాదం ఉంది. నా మటుకు నాకు ఈ దారి వద్దనే అనిపిస్తుంది.

పింగాణీ తుట్టెకు బదులు సన్నటి స్టీలు రేకు చుట్టలతో చేసిన డబ్బాలు కూడా ఉన్నాయి. కుదుపులకు, వేడి మీద నీళ్లు పడటానికి ఇవి ఎక్కువ ఓర్చుకుంటాయి. వాగులు దాటే బండికి నిజంగా ఉపయోగపడేది ఈ గుణం. ధర మాత్రం ఎక్కువ. ఊరి తారు రోడ్డుకే పరిమితమైన బండికి ఆ డబ్బు దండగ.

బొలెరో, పాత థార్ లాంటి డీజిల్ బండ్లవారు ఇదంతా చదివి పెట్రోలు డబ్బా కొనకూడదు. డీజిల్ పొగలో ఆక్సిజన్ ఎక్కువ, అందులో మూడు విషాలను ఒకేసారి విరిచే పెట్రోలు డబ్బా పనిచేయదు. డీజిల్‌కు వేరే ఆక్సిడేషన్ డబ్బా ఉంటుంది. బీఎస్-6 డీజిల్ బండ్లలో దానికి తోడు మసిని పట్టే ఫిల్టరు కూడా ఉంటుంది. ఆ ఫిల్టరు మసిని కాల్చుకునేటప్పుడు దాదాపు 600 డిగ్రీల వేడి పుడుతుంది. ఆ సమయంలో బండిని ఎండుగడ్డి మీద నిలపకూడదు. ఆయిలు కూడా మాన్యువల్లో చెప్పిన తక్కువ బూడిద రకమే పోయించాలి.

పొడిచేస్తే ఏమవుతుంది

ఇక ఆ నాలుగో సలహా. మూసుకుపోయిన డబ్బాను ఖాళీ చేస్తే బండి ఎగురుతుంది, నిజమే. ముక్కు మూసుకుపోయినవాడికి మూత తీస్తే ఊపిరి ఆడినట్టే. అది డబ్బా తీసినందుకు వచ్చిన బలం కాదు, అడ్డు పోయినందుకు వచ్చింది. మంచి డబ్బా వేసినా అదే బలం వస్తుంది.

పోయేది మాత్రం చాలా ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేకుండా బండిని మార్చిన యజమానికి మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. గాలి కాలుష్య ప్రమాణాలు మీరి నడిపితే మొదటిసారికే 10 వేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్సు మూడు నెలలు రద్దు అని ఇంకో సెక్షను. దారిలో పట్టుకుని ఎంత రాస్తారన్నది రాష్ట్రాన్ని బట్టి మారవచ్చు, చట్టంలో ఉన్నది ఇది.

'అత్తిబెలె దాటితే ఎవరు చూస్తారు' అన్న ధైర్యం కూడా ఇప్పుడు చెల్లదు. 2021 జూన్‌లో దేశమంతటికీ ఒకే రకం పీయూసీ కాగితం తెచ్చారు. వివరాలు వాహన్ కంప్యూటర్లో ఉంటాయి. తమిళనాడులో చేయించినా కర్ణాటకలో కనబడుతుంది, ఆంధ్రలో కనబడుతుంది. బీఎస్-3 పెట్రోలు బండికి ఐడిల్లో కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం మించకూడదు. బీఎస్-4 అయితే 0.3 శాతమే. అంతేకాదు, 2500 ఆర్పీఎం దగ్గర 0.2 శాతం, గాలి పాళ్లు కూడా కొలవాలి. డబ్బా ఖాళీగా ఉంటే ఈ అంకెలు అందడం కష్టం. పదిహేనేళ్లు నిండిన బండికి ఆర్సీ పొడిగించుకునే రోజు వస్తే ఇదే పెద్ద అడ్డంకి అవుతుంది. ఇక్కడి జిప్సీల్లో సగం ఆ వయసువే.

జరిమానా కంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. జిప్సీకి వెనక గుడ్డ టాపు. వెనక ఎదురెదురు సీట్లలో పిల్లలు, ఆడవాళ్లు కూర్చుంటారు. గుడ్డ తలుపు ఎగిరినప్పుడల్లా వెనకనున్న పొగ లోపలికి తిరుగుతుంది. మంచి క్యాట్‌కాన్ కార్బన్ మోనాక్సైడ్‌లో దాదాపు తొంభై శాతాన్ని ఆపుతుంది. ఖాళీ డబ్బా ఏమీ ఆపదు. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. ఘాటు దారిలో పిల్లలకు తలనొప్పి, వాంతులు వస్తే మలుపుల వల్ల అనుకుంటాం. పైపు అతుకులు కూడా లీకవుతుంటే అది మలుపుల వల్ల కాకపోవచ్చు.

వేసేటప్పుడు, వేశాక

వెల్డింగుకు ముందు బ్యాటరీ వైరు విప్పించాలి, లేదంటే ఇంజను కంప్యూటరు కాలిపోయే ప్రమాదం ఉంది. గ్యాస్కెట్లు కొత్తవి వేయాలి. అతుకుల దగ్గర మామూలు సిలికాన్ పేస్టు పూస్తామంటే ఒప్పుకోకూడదు, అది సెన్సారును పాడు చేస్తుంది. రబ్బరు హ్యాంగర్లు, ఇంజను మౌంటింగులు చీలి ఉంటే అప్పుడే మార్చాలి. గుట్ట దారిలో ఇంజను ఊగినప్పుడల్లా ఆ ఊపు అంతా డబ్బా మీద పడుతుంది.

పాత డబ్బా మీదున్న రేకు కవచాన్ని చాలా షెడ్లలో గలగలమంటోందని పీకి పారేస్తారు. దాన్ని వదలకండి. రాగి కోతల రోజుల్లో తళి, బాగలూరు, ఆనేకల్ దారుల్లో రాగి కట్టెలు, ఉలవ కట్టెలు రోడ్డు మీద పరిచి, పోయే బండ్లతో నూర్పిడి చేయించుకోవడం మనకు తెలిసిందే. ఆ గడ్డి బండి కింద చుట్టుకుని, వేడి డబ్బాకు తగిలి కార్లు కాలిపోయిన వార్తలు కర్ణాటకలో చాలాసార్లు వచ్చాయి. అటువంటి చోట పక్కదారి ఉంటే అటే పోవాలి. లేకపోతే దాటిన వెంటనే బండి ఆపి, కింద చుట్టుకున్నది కర్రతో లాగేయాలి. వేసవిలో మేలగిరి అడవుల అంచున ఎండుగడ్డిలో బండి నిలపడం కూడా అంతే ప్రమాదం. అక్కడ కాలేది బండి ఒక్కటే కాదు.

డబ్బాకు వేడి తగ్గించే గుడ్డ పట్టీ చుట్టిస్తే మంచిదని కొందరంటారు. పైపుకైతే సరే, క్యాట్‌కాన్‌కు వద్దు. వేడి లోపలే చిక్కి తుట్టె కరుగుతుంది. కింద రాళ్లు తగలకుండా ఇనుప పలక కట్టిస్తే మాత్రం మంచిదే, గాలి ఆడేలా కన్నాలు ఉండాలి, గడ్డి ఇరుక్కునే సందులు ఉండకూడదు. ఘాటు దిగి వచ్చిన వెంటనే వాగులోకి దింపకుండా, అయిదు పది నిమిషాలు నిలిపితే పింగాణీ తుట్టెకు ఆయుష్షు.

వేయించిన రోజే ఇరవై నిమిషాలు నడిపి, ఇంజను బాగా వేడెక్కాక పీయూసీకి తీసుకుపోండి. చల్లటి ఇంజనుతో పోతే మంచి డబ్బా కూడా ఫెయిలవుతుంది. పాస్ అని చెబితే ఊరుకోకుండా కాగితం మీద అంకెలు చూడండి. మూడు నెలలకు ఒకసారి మళ్లీ కొలిపించి పక్కన పెట్టి చూస్తే, డబ్బాలో సరుకు ఎంత ఉందో షాపువాడిని అడగకుండానే తెలిసిపోతుంది. అంకె పెరుగుతూ పోతుంటే వారంటీ గడువు లోపలే బిల్లు పట్టుకుని వెళ్లాలి. అప్పుడు షాపువాడు అడిగే మొదటి ప్రశ్న 'ఇంజను ఆయిలు తాగుతోందా?' అనే. అందుకని వేయించిన రోజు డిప్‌స్టిక్కు ఎక్కడిదాకా ఉందో, కిలోమీటర్లు ఎన్నో ఆ బిల్లు వెనకే రాసి పెట్టుకోండి.